మెట్ట వంటింట్లో సముద్రం చేప

ఉదయగిరి, ఆత్మకూరు వైపు సముద్రం చేప అంటే జనానికి గుర్తొచ్చే పేర్లు రెండే: వంజరం, చందువ. ఆ రెండూ ఇవాళ మామూలు సంసారాలకు అందే ధరలో లేవు. చేపలాయన బండి మీద పెట్టె మూత తీస్తే పైన అవే కనిపిస్తాయి. అడుగున, మంచు కింద, ఇంకా చాలా రకాలుంటాయి: కవళ్లు, కానాగంతలు, సావళ్లు, గులివిందలు, కారలు, జెల్లలు, టేకు ముక్కలు. వాటి ధర వంజరంలో సగం కూడా ఉండదు. అయినా మనవాళ్లు ‘ముళ్లు, నీచు, మాకొద్దు’ అని పక్కకు జరుగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నేను పుట్టింది ఇసకపల్లి వైపు, సముద్రం ఒడ్డున. కాపురానికి వచ్చింది ఆత్మకూరు దగ్గరికి. మెట్టవాళ్లకు చేప తెలియదని నేననను. పెన్న ఉంది, సోమశిల జలాశయం ఉంది, అనంతసాగరం చెరువు ఉంది. కొరమీనును బూడిదలో పొర్లించి జారిపోకుండా పట్టుకుని కోయడం నేను ఇక్కడి అత్తల దగ్గరే నేర్చుకున్నాను. చిక్కల్లా ఎక్కడంటే, చెరువు చేపకు చేసినట్టే సముద్రం చేపకూ చేస్తారు. సముద్రపు చౌక చేపల్లో ఒక్కోదానికి ఒక్కో మొండి గుణం ఉంటుంది. ఒకదానికి ముల్లు, ఒకదానికి వాసన, ఒకదానికి జిగురు, ఒకదానికి ఒంటి మీద పొర. దాన్ని కత్తిపీట దగ్గరే తీర్చాలి, పొయ్యి మీద తీరదు. అది తీరిందా, వంజరానికి పెట్టే డబ్బులో సగంతో ఇంటిల్లిపాదీ తృప్తిగా తింటారు. నాకు తెలిసినంతలో ఆ గుణాలేమిటో, వాటినెలా లొంగదీయాలో వరసగా చెబుతాను.

1. పేరు అడిగే ముందు చేపను చూడండి

కన్ను ఉబ్బి మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఇవి అందరికీ తెలిసిన గుర్తులే. చౌక చేపలకు మరికొన్ని ఉన్నాయి. కవళ్లకు పొట్ట చూడాలి. పాతబడ్డ కవ్వకు మొదట పగిలేది పొట్టే. సావడికి ఒంటి మీది వెండి రంగు చూడాలి, అది చారలు చారలుగా లేచిపోయి పసుపు తిరిగిందంటే దాన్ని వదిలేయండి. గులివింద ఎరుపు పాలిపోకూడదు. టేకు ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ముక్కులో గుచ్చుకునేంత ఘాటు ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

చేపలాయనకు ముందురోజే ఫోన్ చేసి చెప్పి పెట్టండి. రేవులో పాట తెల్లవారుజామునే అయిపోతుంది. మెట్టలో అమ్ముడుపోవని కవళ్లను, గులివిందలను అక్కడే వదిలేసి వస్తారు. కొనేవాళ్లున్నారని తెలిస్తే మంచివి ఏరి తెస్తారు.

2. మంచు దగ్గర మొహమాటపడొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మైపాడు, కృష్ణపట్నం వైపు చేప నెల్లూరు, సంగం మీదుగా ఆత్మకూరు రావాలంటే నెల్లూరు నుంచే 50 కిలోమీటర్లకు పైన. జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపుది కావలి, వింజమూరు మీదుగా ఉదయగిరి చేరాలంటే అంతకన్నా దూరం. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. ఈ దూరాన్ని, ఈ ఎండను తట్టుకుని చేప బాగుండాలంటే కిలో చేపకు కిలో మంచు ఉండాలి. పైన నాలుగు ముక్కలు చల్లితే చాలదు. చేపకూ చేపకూ మధ్య మంచు ఉండాలి, కరిగిన నీళ్లు కిందికి కారిపోవాలి. ఆ నీళ్లలోనే చేప నానుతూ వచ్చిందంటే రుచీ పోతుంది, తొందరగా చెడుతుంది కూడా.

ముఖ్యంగా కానాగంతలు, కవళ్లు, సూర చేప, వీటి మాంసం కొంచెం ఎర్రగా, నల్లగా ఉంటుంది. వాటిలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. మంచు లేకుండా వేడిలో ఉంటే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. అలాంటి చేప తింటే నిమిషాల్లోనే, లేదంటే గంటా రెండు గంటల్లో ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, నాలుక మీద మిరియం పెట్టినట్టు చురుక్కుమంటుంది. ఇంట్లోవాళ్లు ‘సముద్రం చేప మాకు పడదు’ అనుకుంటారు. చాలాసార్లు తప్పు సముద్రం చేపది అయ్యుండదు, మంచు లేకుండా వచ్చిన చేపది. ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి. హిస్టమిన్ పుట్టాక ఎంత ఉడికించినా, ఎంత వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. ‘బాగా ఉడికిస్తే సరిపోతుందిలే’ అనే మాట ఈ చేపల దగ్గర చెల్లదు. నాలుక మీద చురుకు తగిలిందా, కంచం పక్కన పెట్టేయండి. ఒళ్లు ఎర్రబడితే డాక్టరు దగ్గరికి పోండి.

ఇంటికి తెచ్చిన వెంటనే మొప్పలు, పేగులు తీసేయండి. సూక్ష్మజీవులు ఎక్కువ ఉండేది అక్కడే. అప్పుడే వండకపోతే కడిగి, పసుపు, ఉప్పు రాసి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోట పెట్టండి. ఫ్రిజ్ తలుపు అరల్లో చేప పెట్టొద్దు. తెరిచి మూసినప్పుడల్లా చల్లదనం పోయేది అక్కడే.

3. కవళ్లు: ముల్లును తీయకండి, కరిగించండి

మెట్టలో ఎక్కువమంది వద్దనేది కవళ్లనే. సన్న ముళ్లు ఎక్కువ, నిజమే. వాటిని ఒక్కోటీ తీయబోతే చేపే మిగలదు. కేరళవాళ్లు మత్తి అని ప్రాణం పెట్టేది ఈ నూనె కవ్వకే.

ముందు శుభ్రం చేసే పని. గరుకు మట్టి సట్టిలో కవళ్లు వేసి, గుప్పెడు కల్లుప్పు చల్లి, కొంచెం నీళ్లతో అరచేత్తో గుండ్రంగా రుద్దండి. పొలుసంతా ఊడొస్తుంది. నీళ్లు తేటపడేదాకా కడగండి, నాలుగైదు నీళ్లు పడతాయి. తల దగ్గర కోసి, కోత పూర్తిగా తెగకుండా తలను పట్టి లాగితే పేగు దానివెంటే వస్తుంది. పొట్ట కింద రంపంలా ఉండే అంచును కత్తిపీటకు ఆనించి సన్నగా చెక్కేయండి. గొంతులో గుచ్చుకునేది ఎక్కువగా అదే.

ఇక పొయ్యి. సట్టి అడుగున ఎర్రగడ్డ చక్రాలు, కరివేపాకు కాడలతో సహా పరవండి. అప్పుడు చేప అడుగంటదు. దాని మీద కవళ్లు ఒక వరస, దంచిన తెల్లగడ్డ కొంచెం, మళ్లీ ఒక వరస. కిలో చేపకు నిమ్మకాయంత చింతపండు ఉండలు మూడు, చిక్కగా పిసికి తీసిన పులుసులో కారం, ధనియాల పొడి, పసుపు, ఉప్పు కలిపి చేప మునిగేదాకా పోయండి. నూనె వేయక్కర్లేదు, కవ్వలో ఉన్న నూనే పైకి తేలుతుంది. మూత పెట్టి సన్న సెగ మీద గంటన్నర వదిలేయండి. మధ్యలో గరిటె పెట్టొద్దు. పులుపుకూ ఆ నిదానపు సెగకూ సన్న ముళ్లు మెత్తబడిపోతాయి, నడుం ముల్లు కూడా నోట్లో పిండి పిండిగా నలుగుతుంది. తీరిక లేనివాళ్లు కుక్కర్లో ఒక కూత రానిచ్చి, చిన్న మంట మీద అరగంట ఉంచితే అంతే మెత్తబడుతుంది. డబ్బాల్లో అమ్మే సార్డీన్లను విదేశాల్లో ముల్లుతో సహా తినేదీ ఇందుకే. మూసిన డబ్బాలో ఆవిరి ఒత్తిడికి వాటి ముల్లు మెత్తబడిపోతుంది.

ముల్లుతో తిన్న కవ్వలో సున్నం బాగా దొరుకుతుంది. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు కూడా ఉంటుంది. మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లున్న ఇళ్లలో వారానికొకసారి ఇది వండితే మంచిదని నా నమ్మకం.

4. సావళ్లు: వీపు రెక్కను ముందు పెరకండి

రెండు మూడు అడుగుల పొడవు, బెల్టంత వెడల్పు, ఒళ్లంతా వెండి. దాన్ని చూడగానే పాము అని భయపడేవాళ్లు ఉదయగిరి వైపు ఇప్పటికీ ఉన్నారు. సావడికి పొలుసు ఉండదు. కోరపళ్లు మటుకు వాడిగా ఉంటాయి, చచ్చిన చేపైనా చెయ్యి చీరేస్తుంది. అందుకని మొదట తల తీసేయండి.

ఒంటి మీద వెండి పొడిలాంటి పొర ఉంటుంది. అది తినడానికి పనికిరానిదేమీ కాదు, ఉంటే మటుకు పులుసు మసకబారుతుంది, కొంచెం నీచు వస్తుంది. కొబ్బరి పీచు మీద కల్లుప్పు వేసి తల వైపు నుంచి తోక వైపు రుద్దితే పొర పోతుంది. ఇక వీపు పొడవునా రెక్క. దానికి రెండు పక్కలా కత్తితో లోతుగా గీసి, తోక వైపు నుంచి పట్టుకుని లాగితే రెక్క, దాని కింద ముళ్ల వరస ఒక్కపట్టున వచ్చేస్తాయి. ఈ ఒక్క పని నేర్చుకుంటే సావడిలో సగం ముళ్ల బాధ పోయినట్టే.

మూడు వేళ్ల వెడల్పు ముక్కలు కోసి, రెండు పక్కలా గాట్లు పెట్టండి. ఉప్పు, కారం, పసుపు, తెల్లగడ్డ నూరిన ముద్ద, కొంచెం నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. పెనం మీద పెట్టే ముందు బియ్యప్పిండిలో పొర్లిస్తే ముక్క విరగదు. మాంసం పలచన కాబట్టి పక్కకు మూడు నాలుగు నిమిషాలు చాలు. తినేటప్పుడు పై అంచు, కింది అంచు వేళ్లతో తీసేస్తే నడిమి మాంసం పలకలుగా వస్తుంది.

1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరంలో దొరికే 200 రకాల చేపలకు బొమ్మలు వేయించి పుస్తకం తెచ్చాడు. అందులో సావడి ఉంది, కానాగంత ఉంది. అంత పాతకాలం నుంచి మన తీరం తింటున్న చేపలివి.

5. టేకు, పాలసొర: వాసనకు కారణం తెలిస్తే విరుగుడూ తెలుస్తుంది

టేకు, సొర చెడకపోయినా ఒక రకం ఘాటు వాసన వేస్తాయి. ఈ జాతి చేపల ఒంట్లో యూరియా ఉంటుంది. ఉప్పునీటిని తట్టుకోవడానికి ప్రకృతి వాటికి చేసిన ఏర్పాటది. చేప చచ్చాక సూక్ష్మజీవులు ఆ యూరియాను అమోనియాగా మారుస్తాయి. ఎంత ఆలస్యమైతే అంత ఘాటు. కాబట్టి వీటిని పొద్దున తెస్తే పొద్దుటే వండాలి, సాయంత్రానికి అట్టిపెట్టకూడదు.

పాలసొర తోలు ఉప్పుకాగితంలా గరుకు. ముక్కలను మరిగే నీళ్లలో నిమిషం ముంచి తీసి, కత్తి మొండి వైపుతో గీకితే ఆ గరుకంతా ఇసకలా రాలుతుంది. టేకుకైతే తోక మొదట్లో విషపు ముల్లు ఉంటుంది. రేవులోనే నరికేస్తారు, అయినా తోక ముక్క చేతికొస్తే జాగ్రత్తగా చూసుకోండి. తర్వాత ముక్కలను పలచటి మజ్జిగలోగానీ, చింతపండు నీళ్లలోగానీ పసుపు వేసి అరగంట నానబెట్టి, పారబోసి, మంచినీళ్లతో కడగండి. యూరియా నీళ్లలో కరిగిపోతుంది, అమోనియాను పులుపు విరుస్తుంది. పెరుగూ చేపా కలిస్తే బొల్లి వస్తుందని మజ్జిగ అనగానే కొందరు జంకుతారు. ఆ రెంటికీ సంబంధం లేదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడు పొరటు. ముక్కలను పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో పది నిమిషాలు ఉడికించండి. చల్లారాక తోలు ఒలిచి, నడిమి మెత్తటి ఎముక తీసేసి, వేళ్లతో పొడి పొడిగా చిదమండి. ఆ పొడిని రెండు చేతుల మధ్య గట్టిగా పిండాలి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. చెమ్మ ఉంటే ముద్దవుతుంది, వాసనా మిగులుతుంది. బాణలిలో కాస్త ఎక్కువ నూనె పోసి, ఆవాలు, జీలకర్ర, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, అల్లం, చారెడు తెల్లగడ్డ రెబ్బలు, కరివేపాకు వేసి ఎర్రగా వేగాక చేప పొడి వేయండి. సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే కాసేపటికి చెమ్మ ఆరి, గరిటెకు పొడి అంటుకోకుండా రాలుతుంది. దించే ముందు మిరియాల పొడి, కొత్తిమీర. ఒక్క ముల్లు ఉండదు. పళ్లు లేని ముసలివాళ్లు, ముల్లంటే భయపడే పిల్లలు కూడా తినొచ్చు.

పాలసొర పెడితే బాలింతకు పాలు పడతాయని మా వైపు పెడతారు. పాల సంగతి నేను పూచీ పడను, అరుగుదలకు తేలిక, మాంసకృత్తులు ఎక్కువ అన్నమాట మటుకు నిజం. ఒక జాగ్రత్త ఉంది. పెద్ద సొరల్లో పాదరసం పేరుకుని ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు పెద్ద సొర ముక్కల జోలికి పోకూడదు. మూరెడు లోపు చిన్న సొరైతేనే కొనండి, అదీ ఎప్పుడన్నా ఒకసారి.

6. జెల్ల: చెయ్యి జాగ్రత్త

సముద్రపు జెల్లకు వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కల రెక్కల దగ్గర చెరొకటి ఉంటాయి. వాటికి రంపం పళ్లు, పైన విషపు పొర. గుచ్చుకుంటే చెయ్యి భుజం దాకా సలుపుతుంది. కటింగ్ ప్లేయరుతో ఆ మూడింటినీ విరిచేశాకే మిగతా పని మొదలుపెట్టండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచి ఉంచండి. ఆ విషం వేడికి విరుగుతుంది, నొప్పి తగ్గుతుంది. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పెరిగినా ఆస్పత్రికి పోవాల్సిందే.

జిగురుకు కల్లుప్పు, పిసికేసిన చింతపండు పిప్పి చాలు. పులుసుకు పుల్ల మామిడికాయ పడితే జెల్ల రుచే వేరు. నెల్లూరు పులుసులో మామిడికాయ ఎందుకో జెల్లతో తింటే తెలుస్తుంది.

7. గులివిందలు: కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి

గులివింద గింజ రంగు, గడ్డం కింద రెండు మీసాలు. పొలుసు వేలితో రాస్తేనే ఊడిపోతుంది, మాంసం తెల్లగా, తియ్యగా ఉంటుంది, ముల్లు పెద్దది కాబట్టి సులువుగా దొరుకుతుంది. దీన్ని ఇంత తక్కువకు ఎందుకు అమ్ముతారో నాకు ఎన్నేళ్లయినా అర్థం కాలేదు. దీని దగ్గరి చుట్టమైన ఎర్ర మలెట్ కోసం ప్రాచీన రోమ్‌లో శ్రీమంతులు పోటీలు పడి విపరీతమైన ధరలు పెట్టేవాళ్లు. మధ్యధరా తీరంలో ఇవాళ్టికీ అది గొప్ప చేపే. మన దగ్గర చిన్నదిగా ఉందని చూడరు. చేప చేపగానే గాట్లు పెట్టి, ఉప్పు, కారం, మిరియాలు పట్టించి వేయించండి, అంతే. మసాలా ఎక్కువైతే తీపి పోతుంది.

8. కారలు, నెత్తళ్లు

కారలు అరచేతిలో సగముంటాయి, పలచగా, ఒళ్లంతా జిగురు. రెండు గుప్పిళ్ల తవుడు వేసి పిసికితే జిగురు తవుడుకు పట్టేస్తుంది, తర్వాత ఉప్పుతో ఒకసారి. వీటిని తినడానికన్నా పిండుకోవడానికి వాడాలి. మిరియాలు, జీలకర్ర, తెల్లగడ్డ దంచి వేసి, చింతపండు నీళ్లలో మరగబెట్టి వడకట్టిన చారు జ్వరం తగ్గి నోరు చప్పబడ్డవాళ్లకు ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది.

నెత్తళ్లకు కత్తిపీటే అక్కర్లేదు. బొటనవేలి గోటితో తల గిల్లితే పేగు దాంతోనే వస్తుంది. వంకాయతో, లేత చింతచిగురుతో, పచ్చి మామిడి తురుముతో ఇగురు పెట్టండి.

9. కొవ్వు చేపకు పులుపు, తెల్ల చేపకు తీపి

ఏ చేపైనా ఒకే పులుసు పెడతారు మనవాళ్లు. అలా కాకుండా ఈ లెక్క పాటించి చూడండి. కవళ్లు, కానాగంతలు కొవ్వు చేపలు. వాటికి పులుపు, మెంతిపొడి ఎక్కువ, నూనె తక్కువ, కొబ్బరి అసలొద్దు. గులివిందలు, గొరకలు తెల్ల మాంసం చేపలు. వాటికి పులుపు సగం చేసి, ఎర్రగడ్డ ముద్దగానీ, కాస్త కొబ్బరిగానీ వేస్తే ఒదుగుతుంది.

పులుసు ముందు బాగా మరిగి, నూనె పైకి తేలాకే చేప వేయాలి. చెరువు చేప పావుగంట తట్టుకుంటుంది. గులివిందకు, సావడికి ఏడెనిమిది నిమిషాలు దాటితే ముక్క పులుసులో కలిసిపోతుంది. కలపాల్సి వస్తే సట్టి అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పండి. వడ్డించడానికి ఉదయగిరి చెక్క గరిటెలు వాడండి. దుర్గం కింద మన కళాకారులు చెక్కిన ఆ గరిటెలు షోకేసులో పెట్టుకోవడానికి చేసినవి కావు. అంచు నున్నగా ఉంటుంది కాబట్టి మెత్తటి ముక్కను చిదమదు, చింతపండు పులుపుకు రంగు వదలదు, రుచి మార్చదు.

రాత్రి వండి పొద్దున తినే పులుసు రుచి సంగతి మన జిల్లాలో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అయితే ఎండాకాలం రాత్రంతా బయట ఉంచే పాత పద్ధతి వద్దు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తినేంత మటుకే తీసి మరగబెట్టుకోండి.

10. వేట ఆగిన రెండు నెలలు ఎండు చేపవి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలకు, ఇంజను పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రోజుల్లో మెట్టకు వచ్చే ‘తాజా’ వంజరం చాలామటుకు గిడ్డంగిలోంచి వచ్చిందే. తెడ్డు పడవలవాళ్లు ఒడ్డున పట్టే కారలు, కవళ్లలాంటివి దొరికితే కొనండి. లేకపోతే ఎండు చేపకు పోండి.

నిజానికి ఐసు పెట్టెలు రాకముందు ఉదయగిరి కొండ కింది పల్లెలకు సముద్రం తెలిసింది ఎండు చేపతోనే. సంతలో గోనె మీద పోసిన ఎండు నెత్తళ్లు, కట్టలు కట్టిన ఎండు సావళ్లు, ఉప్పు వేసిన సొర. వాటిని కొనేటప్పుడు మూడు చూడండి. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే చెమ్మ ఉందన్నమాట. అరచేతిలో రుద్దితే ఇసక రాలకూడదు, రాలితే దిబ్బ మీద ఆరబోసినవి, దడి మీద ఎండినవి అడగండి. పసుపు తిరిగి నూనె వాసన కొడితే పాతవి.

వండే ముందు ఉత్తి సట్టిలో సన్న సెగ మీద వేయించండి. ఉన్న కొద్ది చెమ్మా పోతుంది, నీచు తగ్గుతుంది. ఆ తర్వాత వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఉప్పు సొరైతే రెండు నీళ్లు మార్చి, అప్పుడు కూరలోకి. ఎండు నెత్తళ్లు వంకాయతో, ఎండు సావళ్లు మునక్కాయతో, ఉప్పు సొర చుక్కకూరతో. కూరలో ఉప్పు చివర్న, రుచి చూసి వేయండి. పక్కన రాగి సంగటి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. రక్తపోటు ఉన్నవాళ్లు మటుకు ఉప్పు చేపకు దూరంగా ఉండాలి, నానబెట్టినా ఉప్పంతా పోదు.

దాచుకోవడానికి ఇంకోసారి ఎండలో పెట్టి, చల్లారాక గాజు సీసాలో రెండు ఎండుమిరపకాయలు వేసి గట్టిగా మూత పెట్టండి. వేడి మీద మూస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

11. చౌకైనా కొనకూడనివి

తాకితే బుడగలా ఉబ్బే చేప, చిలుక ముక్కులాంటి పళ్లుంటాయి, దాన్ని ఎవరిచ్చినా తీసుకోవద్దు. దాని కాలేయంలో, గుడ్లలో ఉండే విషం ఉడికించినా పోదు, మనిషి ప్రాణం తీస్తుంది. రంపపు మూతి సొర లాంటి కొన్ని జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. 2022లో ఆ చట్టాన్ని సవరించి మరికొన్ని సొరలను, టేకులను కూడా చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం నేరం. ఏ జాతో తెలియని పెద్ద సొర ముక్కలు గుట్టగా పోసి అమ్ముతుంటే ముందుకు సాగిపోండి. ఈ చేపలు మన మనవళ్లకూ దొరకాలని ఉంటే గుడ్డుతో నిండినవాటినీ, ఇంకా ఎదగని బుల్లి బుల్లి చేపలనూ కొనకండి. కొనేవాళ్లు లేకపోతే పట్టేవాళ్లూ తగ్గుతారు.

12. ఇంట్లోవాళ్లకు అలవాటు చేసే వరస

మొదటివారం కవళ్లు పెట్టి భయపెట్టొద్దు. ముందు గులివింద వేపుడు, తర్వాత సొర పొరటు, ఆ తర్వాత సావడి. ఇంత అయ్యాక కానాగంత పులుసు. కవళ్లు చివర్న, అదీ ముల్లు మెత్తబడేలా వండినవి. ఐదారేళ్ల పిల్లలకు ముక్కను మీరే చిదిమి, వేళ్ల మధ్య నలిపి, ముల్లు లేదని చూసుకుని పెట్టండి. అన్నంలో కలిపేసిన ముక్కలో ముల్లు కనబడదు కాబట్టి విడిగా పెట్టడమే మంచిది. తినేటప్పుడు టీవీ కట్టేయండి.

ముల్లు గొంతులో ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగించడం, అరటిపండు మింగించడం మన ఇళ్లలో ఇంకా చేస్తున్నారు. ఆ పని మానండి. ముల్లు లోపలికి ఇంకా లోతుగా దిగుతుంది, గొంతుకు గాయమవుతుంది. నిదానంగా దగ్గనివ్వండి, నీళ్లు తాగించండి. పోకపోతే, ఉమ్మిలో రక్తం కనబడితే, మింగుడు పడకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. ఆత్మకూరులోనో, నెల్లూరులోనో గొంతు డాక్టరు దగ్గరికి అప్పుడే తీసుకుపోండి. పట్టకారుతో నిమిషంలో తీసేస్తారు.